గాల్లో నలభై రెండు

2వ తేదీ, సోమవారం

ఈ ఫ్యాక్టరీలో రెజొనెన్స్ అంటే ఏమిటో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. గొప్ప కోసం రాసుకోవడం లేదు. స్పీకర్లు తయారుచేసి అమ్ముకునే చోట ఆ ముక్క తెలిసినవాళ్లు ఒక్కరే ఉండటం గొప్పేమీ కాదు, సిగ్గుచేటు.

పొద్దున యజమాని తన గదిలోకి పిలిచాడు. కొత్త మోడల్ వివరాల కాగితం చూసి కొనేవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారట. ఒకాయన "ఎఫ్ ఎస్ నలభై రెండు హెర్ట్జ్ అని వేశారు, అంటే నలభై రెండు కన్నా కింద పాడదా?" అని అడిగాడట. ఇంకొకాయన "రెజొనెన్స్ అంటే లోపం కదండీ, లోపాన్ని ఎవరైనా అచ్చు వేసుకుంటారా?" అన్నాడట. ఈ రెండో ఆయన్ని ఒకసారి చూడాలని ఉంది. ఇంత ధీమాగా తెలియకపోవడం అందరికీ చేతకాదు.

"ఆ మాటలన్నిటికీ అర్థాలు చెబుతూ మీరే ఒక పేజీ రాయండి. అందరికీ తెలిసేలా," అన్నాడు యజమాని.

"అందరికీ అంటే?"

"నాకు తెలిసేలా."

అంటే చాలా కిందికి దిగాలి.

బయటికి వస్తుంటే సేల్సాయన వెంటపడ్డాడు. ఆయన మెడలో ఫ్యాక్టరీ కార్డు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, ఎక్కడ పనిచేస్తున్నాడో మరిచిపోతాడని కాబోలు.

"మేడం, ఆ నలభై రెండు చూడ్డానికి బాగోలేదు. అవతలి కంపెనీవాళ్లు ముప్పై ఎనిమిది వేశారు. తక్కువ ఉంటే జనం గొప్ప అనుకుంటారు. మనం ముప్పై ఆరు వేద్దాం. ఎవరు కొలిచి చూస్తారు?"

"నేను కొలిచాను."

"మీరు కొలిచారు లెండి. కొనేవాడు కొలవడు కదా."

"ఆ సంఖ్య కొనేవాడి కోసం పుట్టలేదు. అది డ్రైవర్‌లో ఉంది, ఉన్నది ఉన్నట్టు వేశాను," అన్నాను. మంచి మాటే అన్నాను. ఆయన చెవికెక్కలేదు. కార్డు సవరించుకుని వెళ్లిపోయాడు.

4వ తేదీ, బుధవారం

పేజీ మొదలుపెట్టాను. మొదటి వాక్యం: "డ్రైవర్ అంటే పెట్టె లేని ఉత్త స్పీకరు, ముందు కోను, వెనక అయస్కాంతం." ఇది కూడా రాయాల్సి వచ్చింది నా ఖర్మ.

తర్వాత ఇలా రాశాను. "కోనుని వేలితో తట్టి వదిలేస్తే అది తనంతట తాను ఒక లెక్కలో ఊగుతుంది. సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో అదే దాని రెజొనెన్స్. డ్రైవర్ చుట్టూ ఏ అడ్డూ లేకుండా, ఖాళీ గాలిలో ఉన్నప్పుడు కొలిచిన సంఖ్యని ఎఫ్ ఎస్ అంటారు. అదే డ్రైవర్‌ని మూసిన పెట్టెలో బిగిస్తే లోపలి గాలి కోనుని తిరిగి నెడుతుంది, సంఖ్య పెరుగుతుంది. అప్పుడు దాని పేరు ఎఫ్ సి. పెట్టెకి గొట్టం పెడితే పెట్టెకే ఒక సొంత సంఖ్య వస్తుంది, అది ఎఫ్ బి. గొట్టం పొడవు పెంచితే ఎఫ్ బి తగ్గుతుంది, కోస్తే పెరుగుతుంది. మూడూ మూడు. ఒకదాని చోట ఇంకొకటి వేయరాదు."

చదివితే నాకే ముచ్చటేసింది. "ఖాళీ గాలిలో" అన్న మాట కింద గీత కూడా గీశాను. సగం మంది తప్పు చేసేది అక్కడే.

సాయంత్రం బావకి చదివి వినిపించాను. బావ అంటే అక్క మొగుడు. ఫ్యాక్టరీలో పెట్టెల సెక్షన్ ఆయనదే. వాళ్లు కింద ఉంటారు, నేను మేడమీద గదిలో. కిందటేడు బావ ఉన్న పని పోయి ఇంట్లో కూర్చుని, ఏమీ తోచక తలుపులన్నిటికీ చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. పట్టి పట్టి తలుపులు ఇప్పుడు ద్వారబంధాల్ని తాకవు. దోమలు మర్యాదగా వచ్చిపోతున్నాయి. అక్క భరించలేక నన్ను పట్టుకుంటే, నేను యజమానితో మాట్లాడి ఈ సెక్షన్ ఇప్పించాను. అప్పటినుంచి ఆయన నడకే మారింది.

అంతా విని బావ అన్నాడు, "మూడు పేర్లెందుకు అమ్మాయ్? మోత ఒకటేగా."

"ఒకటి కాదు బావా. ఇందాకటినుంచి చెబుతున్నది అదే."

"సరే, నా పెట్టెకి ఏది కావాలో అది చెప్పు, కోసి పడేస్తా. నా అతుకులో కాగితం ముక్క దూరదు, తెలుసుగా."

తెలుసు. అది ఊరందరికీ తెలుసు. ఆయన చెప్పనివాళ్లు పుట్టలేదు.

5వ తేదీ, గురువారం

గమ్ము వాసనకి తలనొప్పి. నా ల్యాబు కట్టింది గమ్ము సెక్షన్ నెత్తిమీద. ఎవరి తెలివో.

9వ తేదీ, సోమవారం

కొత్త మోడల్ మొదటి పెద్ద ఆర్డరు ఒక సభల హాలుకి వెళ్లింది. పొద్దున హాలాయన ఫోన్ చేసి యజమానిని నానా మాటలూ అన్నాడట. యజమాని నన్నూ బావనీ బండెక్కించి తీసుకెళ్లాడు.

హాలు బాగానే ఉంది, మెత్తటి కుర్చీలు, గోడలకి గుడ్డ. గోడల పొడుగునా మన పెట్టెలు. హాలాయన ఏదో పాట పెట్టాడు. అంతా సవ్యంగా పోతూ పోతూ ఒక్క స్వరం దగ్గరికి రాగానే హాలంతా బుంయ్‌మంది. మళ్లీ మామూలు. మళ్లీ ఆ స్వరం వచ్చింది, మళ్లీ బుంయ్. పెద్ద డ్రమ్ములో తల పెట్టి ఎవరో మూలిగినట్టు ఉంది.

"ఇదేంటండీ?" అన్నాడు హాలాయన.

యజమాని నావైపు చూశాడు. నేను బావవైపు చూశాను. బావ పెట్టెవైపు చూశాడు, అక్కడికి అదొక్కటే తనని అర్థం చేసుకుంటుందన్నట్టు.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో యజమాని ముందు సీట్లోంచి వెనక్కి తిరగకుండానే చెప్పాడు. మొత్తం పెట్టెలు వెనక్కి తెప్పిస్తున్నాడట. తప్పెవరిదో తేల్చి చెప్పమన్నాడు. పెట్టెల సెక్షన్‌దే అయితే ఆ సెక్షన్ ఇంకొకరికిచ్చి బావని ప్యాకింగ్‌లో వేస్తాడట.

బావ దారంతా బొటనవేలితో సీటు అంచు తడుముతూ కూర్చున్నాడు. అక్కడ కుట్టు ఊడింది. అలాంటివి ఆయన కంటపడతాయి.

10వ తేదీ, మంగళవారం

దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. డ్రైవర్ ఎఫ్ ఎస్ నలభై రెండు. ఆ మోడల్‌కి గొట్టాన్ని కూడా నలభై రెండుకే కోయమని డ్రాయింగులో రాసి ఇచ్చాను. బుంయ్‌మంటోందంటే పెట్టె నలభై రెండు దగ్గర లేదు. డ్రైవర్ అయితే నేను కొలిచిందే, ఎప్పటిలాగే బల్లమీద పెట్టి, తీగలు తగిలించి, ఒకటికి రెండుసార్లు. అనుమానించే పనే లేదు.

సెక్షన్‌కి వెళ్లి బావని నిలదీశాను. గొట్టం కొలత సరిగ్గానే ఉంది, టేపు పెట్టి చూపించాడు. "మరి లోపల?" అంటే నసిగాడు. ఇంకాస్త అడిగితే బయటపడింది. పెట్టె గట్టిగా ఉంటుందని తనకి తోచి లోపల ఒక అడ్డకర్ర ఎక్కువ వేశాడట.

"ఎవర్ని అడిగి వేశావు?"

"బలానికి అడగడమేంటి అమ్మాయ్. ఇప్పుడా పెట్టె మీద నువ్వు గంతులేసినా కదలదు."

"పెట్టెమీద గంతులెయ్యడానికి కాదు బావా కొనేది. ఆ కర్ర లోపలి చోటు తినేసింది. చోటు తగ్గితే ఎఫ్ బి పెరుగుతుంది. నువ్వు నా డ్రాయింగు చెడగొట్టావు."

పనివాళ్లందరూ రంపాలు ఆపి వింటున్నారు. విననీ అనుకున్నాను. ఆయన ముఖం చూస్తే, కర్ర ఎంతపని చేసిందో అని నిజంగానే దిగులుపడుతున్నాడు. పడాలి మరి. సొంత తెలివి వాడేవాళ్లు ముందు అది ఉందో లేదో చూసుకోవాలి.

11వ తేదీ, బుధవారం

అక్క పైకి వచ్చింది. మోకాళ్ల నొప్పని మెట్లెక్కని మనిషి మెట్లెక్కిందంటే నాకు అప్పుడే అర్థమైంది.

"అందరి ముందూ అన్నావటగా," అంది.

"తప్పు చేస్తే అనక?"

"పక్కకి పిలిచి అనొచ్చుగా. కిందటేడు ఆయన ఎలా ఉన్నాడో నువ్వూ చూశావు. పొద్దున లేచి గడ్డం గీసుకుని ఎక్కడికీ వెళ్లకుండా కుర్చీలో కూర్చునేవాడు. ఇప్పుడు ప్యాకింగ్‌లో వేస్తే వెళ్లడు. వెళ్లకపోతే మళ్లీ ఆ కుర్చీయే."

"అయితే యజమానికి ఏం చెప్పమంటావు, అబద్ధమా?"

"తప్పు ఆయనదేనని నీకు ఖాయంగా తెలుసా?"

"తెలుసు."

"అయితే ఇంకేముంది," అంటూ అక్క గోడ పట్టుకుని దిగిపోయింది. సగం మెట్లమీద ఆగి, "నాకు నీ లెక్కలు తెలీవు. నువ్వు అన్నావంటే అంతే అయి ఉంటుంది," అంది. ఎత్తిపొడుపో, నిజమో. అక్క విషయంలో ఎప్పుడూ తేలదు.

13వ తేదీ, శుక్రవారం

బావ పాఠం చెప్పమని పైకి వచ్చాడు. చేతిలో నేను రాసిన పేజీ, చెవి మీద పెన్సిలు.

"యజమాని అడిగితే నోరు తెరుచుకుని నిలబడకూడదు. తప్పు చేసినవాడికి ఏం తప్పు చేశాడో చెప్పడమైనా రావాలిగా."

నేర్పాను. తల ప్రాణం తోకకొచ్చింది. ఎఫ్ ఎస్ అనమంటే ఎఫ్ సి అంటాడు, ఎఫ్ సి అనమంటే పెట్టె గొప్ప ఎత్తుకుంటాడు. డ్రైవర్‌ని చేతిలో పెట్టి చూపించాను. "ఇది ఏ పెట్టెలోనూ లేనప్పుడు దీని సంఖ్య ఎఫ్ ఎస్. ఇది దీని సొంతం. ఇది నీ చేతిలో లేదు."

"అంటే ఇది పెళ్లికి ముందు లెక్క."

నవ్వు వచ్చింది. ఆపుకున్నాను. "సరే, అలాగే అనుకో."

"ఎఫ్ సి అత్తారింట్లో. తలుపులన్నీ మూసేశారు, బిగుసుకుపోయింది, సంఖ్య పెరిగింది."

"ఊ."

"మరి ఎఫ్ బి?"

"అది ఆ ఇంటిది. ఇంటికి గొట్టం పెట్టినప్పుడు ఇంటికి వచ్చే సంఖ్య. అది నువ్వు కోసే గొట్టంలో, నువ్వు వదిలే చోటులో ఉంటుంది."

"అంటే అది నాది." చెవి మీది పెన్సిలు తీసి పేజీలో ఎఫ్ బి చుట్టూ సున్నా చుట్టాడు. "అది నేను పాడుచేశా."

"అవును."

అవును అన్నాను. రాసుకుంటున్నాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయాలి.

15వ తేదీ, ఆదివారం

కింద బావ పేజీ బిగ్గరగా చదువుతున్నాడు, బడిపిల్లాడిలా. నేల కంపిస్తోంది. ఆ గొంతుకి ఏ పెట్టే అక్కర్లేదు.

19వ తేదీ, గురువారం

పెట్టెలన్నీ వెనక్కి వచ్చాయి. యజమానికి మాట చాలదు, కాగితం కావాలి కాబట్టి ఒక పెట్టెని ల్యాబుకి ఎక్కించి కొలిచాను. తీగలు తగిలిస్తే మీటరు తెరమీద గీత వస్తుంది. గొట్టం పెట్టెకి ఆ గీత రెండు కొండలుగా లేస్తుంది, నడుమ లోయ. లోయ ఎక్కడ ఉంటే అది ఎఫ్ బి. లోయ నలభై ఎనిమిదిలోనో, యాభైలోనో ఉంటుందని రాసి పెట్టుకుని మరీ కొలిచాను.

నలభై రెండు.

ఇంకో పెట్టె ఎక్కించాను. నలభై రెండు. మరొకటి. నలభై రెండు మీద వెంట్రుక వాసి.

కర్ర తిన్న చోటు ఒక గిన్నెడు కూడా లేదు. పెట్టె నేను చెప్పినట్టే ఉంది. బావ నేను రాసినదాన్ని రాసినట్టు కోశాడు.

20వ తేదీ, శుక్రవారం

పెట్టె సరైనదైతే మిగిలేది డ్రైవర్. నవ్వుకుంటూనే కొలిచాను. బల్లమీద పెట్టాను. ఉత్త డ్రైవర్‌కి గీతలో ఒక్కటే కొండ, అది ఉన్న చోటే ఎఫ్ ఎస్. నలభై రెండు. ఇంకేం కావాలి.

టీ తెచ్చిన ఆవిడ కప్పు పెట్టడానికి చోటడిగింది. డ్రైవర్‌ని తీగలతో సహా చేత్తో ఎత్తి పట్టుకున్నాను. కొలత ఇంకా నడుస్తూనే ఉంది. గీతలో కొండ పక్కకి జరిగింది.

ముప్పై నాలుగు.

మీటరు వేడెక్కి ఉంటుంది.

21వ తేదీ, శనివారం

మీటరు చల్లగానే ఉంది.

23వ తేదీ, సోమవారం

డబ్బాలోంచి ఎన్ని డ్రైవర్లు తీసినా అదే కథ. బల్లమీద నలభై రెండు, చేతిలో ముప్పై నాలుగు. తయారీలో తేడా అనుకోవడానికి రెండు పూటలు ప్రయత్నించాను. చాలా పట్టుదలగా ప్రయత్నించాను. తేడా డ్రైవర్‌కీ డ్రైవర్‌కీ మధ్య లేదు. తేడా అంతా బల్లకీ గాలికీ మధ్యే.

పాత మోడళ్లన్నిటికీ అయస్కాంతం వెనక కన్నం లేకుండా మూసి ఉండేది. బల్లమీద బోర్లించకుండా, అయస్కాంతం కిందకి వచ్చేలా పెట్టి కొలిచినా తేడా వచ్చేది కాదు. స్టాండుకి వేలాడదీసి కొలవడం పద్ధతి. నేను స్టాండు ముట్టుకుని ఏళ్లయింది, దాని మీద గొడుగు తగిలిస్తున్నాను. కొత్త మోడల్‌కి అయస్కాంతం నడుమ కన్నం ఉంది, కోను వెనక గాలి ఆడటానికి. బల్లమీద పెడితే ఆ కన్నం మూసుకుపోతుంది. లోపల గాలి చిక్కుకుని కోనుని నెడుతుంది, సంఖ్య పెరుగుతుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. వివరాల కాగితంలో ఆ కన్నం గురించి రెండు వాక్యాలు రాసింది నేనే.

నేను కొలిచింది ఎఫ్ ఎస్ కాదు. బల్లకి నోరు అదిమిపెట్టిన డ్రైవర్‌ని కొలిచి దానికి ఎఫ్ ఎస్ అని పేరు పెట్టాను. ఆ సంఖ్యకి గొట్టం కోయించాను. ముప్పై నాలుగుకి పొడుగ్గా ఉండాల్సిన గొట్టం పొట్టిదైంది, హాలు మూలిగింది.

ఖాళీ గాలి కింద గీత గీసిన మహాతల్లి.

యజమానికి చెప్పాలి. ఇవాళ ఆయన హాలాయనతో ఫోన్లో అరుస్తున్నాడు. అరుపులు తగ్గాక చెబితే సావకాశంగా వింటాడు. రేపు.

24వ తేదీ, మంగళవారం

యజమాని బయట ఊరు వెళ్లాడు. ఫోన్లో చెప్పే విషయం కాదు.

బావకి చెప్పొచ్చు. బావకి చెబితే అక్కకి తెలుస్తుంది. ముందు యజమానికి చెప్పడమే వరస.

25వ తేదీ, బుధవారం

అంతా జరిగింది జరిగినట్టు రాస్తాను.

యజమాని పొద్దున్నే అందరినీ పిలిచాడు. నేను, బావ, సేల్సాయన. టేబులు మీద ఒక డ్రైవర్, గోడ పక్కన ఒక పెట్టె. నేను నోరు విప్పేలోపే బావ లేచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నేను అది చూసి ఉండాల్సింది.

"అయ్యా, ఇందులో పెద్ద చిక్కేం లేదండి. ఎఫ్ ఎస్ అంటే డ్రైవర్ సొంత సంఖ్య. ఖాళీ గాలిలో కొలవాలి. అది మా మరదలు కొలిచింది, దానికి తిరుగు లేదు. ఎఫ్ బి అంటే పెట్టెది. అది నాది. బలంగా ఉంటుందని నేను ఎవర్నీ అడక్కుండా అడ్డకర్ర వేశాను. లోపల చోటు తగ్గింది. చోటు తగ్గితే ఎఫ్ బి పైకి పోతుంది. డ్రైవర్‌కీ పెట్టెకీ పొత్తు కుదరలేదు. తప్పు నాదండి."

ఈ గదిలో ఇన్నేళ్లలో ఆ మాటలు అంత సరిగ్గా ఎవరూ పలకలేదు. ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. అన్నీ సరైనవే, జరిగిన సంగతి తప్ప.

"సరే మరి," అన్నాడు యజమాని. "రేపటినుంచి ప్యాకింగ్‌లో చూసుకో."

బావ చెవి మీద పెన్సిలు తీసి టేబులు మీద పెట్టాడు. అది ఫ్యాక్టరీ పెన్సిలు కాదు, ఆయనదే. అయినా పెట్టాడు.

"అది నిజం కాదు," అన్నాను. "పెట్టెలు సరిగ్గా ఉన్నాయి. డ్రైవర్ సంఖ్య తప్పు. తప్పు కొలిచింది నేను."

బావ నవ్వాడు, మెల్లగా, చిన్నపిల్లని సముదాయించినట్టు.

"ఊరుకో అమ్మాయ్." యజమాని వైపు తిరిగాడు. "మనసు పట్టక అలా అంటోందండి. ఇంట్లో వాళ్ల అక్క నాలుగు రోజులుగా తిండి తినడం లేదు. అది చూడలేక మీదేసుకుంటోంది. ఈవిడ కొలతలో తప్పు రావడం ఏంటండీ, మీరే చెప్పండి."

యజమాని కళ్లు చెమ్మగిల్లినంత పని అయింది. "ఇంటి మనిషి కోసం ఇలా నిలబడేవాళ్లు ఎక్కడున్నారండీ ఈ రోజుల్లో," అన్నాడు. సేల్సాయన తల ఊపాడు. ఇన్నాళ్లూ నన్ను మీటరులో ఒక భాగం అనుకున్నాడు, ఇవాళ మొదటిసారి మనిషిని చూసినట్టు చూశాడు. జీవితంలో నేను నిజం చెప్పి మెప్పు పొందడం, అదీ అబద్ధం చెప్పానని మెప్పు పొందడం, ఇదే మొదలు. ఇక ఊరుకుంటే చాలు. అందరూ నన్ను మంచిదాన్నంటారు, బావ ప్యాకింగ్‌కి వెళతాడు.

ఆ ఊరుకోవడం ఎంత సుఖంగా ఉంటుందో ఆ నిమిషంలో బాగా తెలిసింది. అందుకే ల్యాబుకి పరుగెత్తి మీటరు తెచ్చాను.

టేబులు మీద ఉన్న డ్రైవర్‌కే తీగలు తగిలించాను. తెర అందరివైపూ తిప్పాను. నలభై రెండు. డ్రైవర్‌ని ఎత్తి పట్టుకున్నాను. ముప్పై నాలుగు. దింపాను. నలభై రెండు. ఎత్తాను. ముప్పై నాలుగు. మూడోసారి కూడా ఎత్తాను, సంఖ్య మారలేదు. వెనక కన్నం చూపించాను. బల్ల దాన్ని ఎలా మూస్తుందో చూపించాను. మిగతావాళ్లకి చెప్పాల్సి వచ్చింది. బావకి చెప్పనక్కర్లేదు. నేను కన్నం మీద వేలు పెట్టగానే ఆయనకి అంతా అర్థమైపోయింది. నేర్పింది నేనే కదా.

ముందు మాట్లాడింది సేల్సాయన. "అంటే మేడం, అసలు సంఖ్య ముప్పై నాలుగా? ముప్పై నాలుగు అని అచ్చు వేసుకోవచ్చా?"

"వేసుకోవచ్చు."

"అవతలివాళ్లది ముప్పై ఎనిమిది!" ఆయన ముఖం పెళ్లి పందిరిలా వెలిగిపోయింది. యజమాని కూడా ఆలోచించాడు, ఆ ముఖం కూడా వెలిగింది. గొట్టాలు మార్చి హాలుకి పంపిద్దాం, పెట్టెల సెక్షన్ బావ దగ్గరే ఉంటుంది, కొత్త కాగితం వేయిద్దాం, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి, ఇది కలిసొచ్చిన పొరపాటే అన్నాడు. నన్ను ప్యాకింగ్‌లో వేస్తానని ఎవరూ అనలేదు. కర్ర వేసినవాడికైతే ప్యాకింగ్, సంఖ్య తప్పు కొలిచినదానికి కొత్త కాగితం. వీళ్ల న్యాయం ఇలాగే ఏడ్చింది.

బావ ఇంకా డ్రైవర్ వెనక కన్నంవైపే చూస్తున్నాడు.

"అయితే నా అడ్డకర్ర?"

"దానివల్ల ఏమీ కాలేదు. పెట్టె కూడా కొలిచాను. నలభై రెండు దగ్గరే ఉంది. నువ్వు సరిగ్గా కోశావు."

పొంగిపోతాడనుకున్నాను. అతుకుల గొప్ప మళ్లీ ఎత్తుకుంటాడనీ, ఈ జన్మకి ఇక ఆపడనీ అనుకున్నాను. ఎత్తుకుంటే విందామని కూడా సిద్ధపడ్డాను.

"ఎప్పుడు కొలిచావు?" అన్నాడు.

"పోయిన గురువారం."

పెన్సిలు తీసుకుని సెక్షన్‌కి వెళ్లిపోయాడు.

26వ తేదీ, గురువారం

అక్క పైకి రాలేదు. నేను కిందికి వెళ్లలేదు.

28వ తేదీ, శనివారం

కిందికి వెళ్లాను. అక్క కూర తరుగుతోంది. కత్తి ఆపకుండానే, "నువ్వు పెట్టెలు కొలిచిన ఆ గురువారం సాయంత్రం ఈయన ఆ పేజీ నాకు ఒప్పజెప్పాడు. తప్పు లేకుండా వచ్చిందని సంబరపడ్డాడు. నువ్వు మెట్లమీద నిలబడి విన్నావు," అంది.

విన్నాను. ఆ రోజు ఇక్కడ అది రాయలేదు.

"చెప్దామనే అనుకున్నాను," అన్నాను.

"అనుకునే ఉంటావు," అంది అక్క. భోజనం చేసి వెళ్లమంది. చేశాను. బావ ముందే తినేసి పెరట్లోకి వెళ్లిపోయాడు.

30వ తేదీ, సోమవారం

పెట్టెల ముందు చెక్కలన్నీ ఊడదీసి గొట్టాలు మార్చాలి. ఆ పని చేయాల్సింది బావే. కొత్త గొట్టం పొడవు రాసి సెక్షన్‌కి పంపించాను. పంపిన కాగితం పట్టుకుని ఆయనే ల్యాబుకి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పుడూ నిలబడేవాడు కాదు, లోపలికి వచ్చి నా కుర్చీలో కూర్చునేవాడు.

"కోసేముందు ఒకసారి నా ఎదురుగా కొలవండి," అన్నాడు.

కొలవండి.

"కొలిచే రాశాను బావా."

"రాశారు. నేను కూడా చూస్తాను."

గొడుగు తీసేసి డ్రైవర్‌ని స్టాండుకి వేలాడదీశాను. ఆయన వంగి, చిటికెన వేలు పెట్టి వెనక కన్నం తడిమి చూశాడు. స్టాండు చుట్టూ తిరిగి ఏమైనా ఆనుకుని ఉందేమో చూశాడు. నేను ముప్పై నాలుగు అని చెప్పాను. నా మాట అయ్యేదాకా ఆగి, తెరవైపు తిరిగి తనే చదువుకుని, ఆ తర్వాత కాగితం మీద రాసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన చేసిందాంట్లో వంక పెట్టడానికి మాత్రం ఏమీ లేదు. కొలత ఎలా తీసుకోవాలో అచ్చం అలాగే తీసుకున్నాడు.

వెళుతూ వెళుతూ, "థాంక్సండీ," అన్నాడు.

నలుగురిలో తిట్టి ఉంటే బాగుండేది.